ఇరవై నాలుగ్గంటల్లో మనిద్దరికీ ఎన్ని

ఈ నెల పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ టేబుల్ మీద పరుచుకుని చూస్తే కొన్ని బడి చాకిరీ గురించి, కొన్ని మొగుడూ పెళ్ళాల మధ్య దూరం గురించి, ఇక జూన్‌లో వరల్డ్ కప్ వస్తోంది కదా, మిగతావన్నీ ఫుట్‌బాల్ గురించే. నేను 31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను, మా ఆయన పీఈటీ, అదే ఆటల మాస్టారు, కాబట్టి ఈ మూడు గొడవలూ మా ఇంట్లో ఒకే గదిలో ఉండేవి. పేర్లు వద్దన్నవాళ్ళ పేర్లు తీసేశాను, ఊళ్ళు కూడా అవసరమైన చోట కాస్త అటూ ఇటూ మార్చాను.

మేడమ్ గారండీ, నేను ఎస్జీటీని, అంటే చిన్న క్లాసుల టీచర్ని. గోదారి మధ్య లంక గ్రామంలో బడి, 34 మంది పిల్లలు, ఒకటి నుంచి అయిదు దాకా క్లాసులు, టీచర్లం ఇద్దరం. మొన్న మా ఆడపడుచు కొడుకు ఫ్యామిలీ గ్రూపులో "టీచర్ జాబ్ అంటే హాఫ్ డే జాబ్, ఏడాదికి 200 రోజులే పని, మిగతాది రెస్టు" అని పెట్టాడు. నలుగురూ నాలుగు మాటలన్నారు, అది సరే. మా ఆయన దాని కింద నవ్వు బొమ్మ పెట్టారండి. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి అన్నం సయించట్లేదు. ఏం సమాధానం చెప్పమంటారు?
— ఒక టీచరు, పి.గన్నవరం వైపు నుంచి

అమ్మా, నీకు చెప్పాల్సిన సమాధానాలు రెండున్నాయి, ఒకటి ఆ కుర్రాడికి, ఒకటి మీ ఆయనకి. రెండూ ఒకే చోట చెప్పకు.

కుర్రాడికి లెక్క చాలు. ఆ 200 రోజులు అనేది ఉత్తినే పుట్టిన మాట కాదు, 2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది, అందులో ఒకటి నుంచి అయిదు క్లాసులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన అని రాసుంది, ఆరు నుంచి ఎనిమిదికైతే 220 రోజులు, 1000 గంటలు. 800ని 200తో భాగిస్తే రోజుకి నాలుగు గంటలు వస్తాయి కదా, ఈ హాఫ్ డే మాటకి వేరు అక్కడుంది. కానీ అది పిల్లలకి తప్పనిసరిగా అందాల్సిన పాఠం, అంతకు తగ్గకూడదని పెట్టిన హద్దు. అదే షెడ్యూల్లో టీచర్ గురించి వేరే లైనుంది, వారానికి కనీసం 45 గంటలు, పాఠం తయారుచేసుకునే టైముతో కలిపి. ఆ లైను ఎవరూ ఫార్వార్డ్ చెయ్యరు. ఈ రెండు లైన్లూ ఫొటో తీసి గ్రూపులో పెట్టు, ఇంకేం రాయకు, వాదన పెంచకు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలమ్మా, మనకి వేసవి సెలవులున్నాయి, దసరా సంక్రాంతి సెలవులున్నాయి, అవి లేనట్టు మాట్లాడితే మన మిగతా మాట కూడా ఎవరూ నమ్మరు. పని ఎగ్గొట్టే టీచర్లు కూడా ఉన్నారు, నా సర్వీసులో కళ్ళారా చూశాను, వాళ్ళ భారం పక్క టీచర్ మీద పడ్డం కూడా చూశాను. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని అప్పుడు చెప్పు నీ లెక్క.

నీ లెక్క నువ్వు పంపిన కాగితం మీదే ఉంది. పొద్దున్న పావుతక్కువ తొమ్మిదికి బడిలో ఉంటావ్, పావుతక్కువ నాలుగుకి బయటపడతావ్, ఏడు గంటలు, ఆరు రోజులకి 42. ఇంటికొచ్చాక పుస్తకాలు దిద్దడం, మార్కులు ఎక్కించడం, రేపటి పాఠం, రోజుకి గంటన్నర, అవి 9. అంటే 51, చట్టం చెప్పిన కనీసం అప్పుడే దాటేశావ్. రానూ పోనూ బస్సూ నడకా కలిపి రోజుకి రెండు గంటలు, ఇంకో 12, వరదలప్పుడు పడవ కోసం రేవులో కాచుక్కూర్చునేది ఇందులో లేదు. ఇంటిపని రోజుకి అయిదు గంటలని రాశావ్, వారానికి 35. నిద్ర ఆరున్నర, వారానికి నలభై అయిదున్నర. మొత్తం కూడితే 143న్నర. వారానికి ఉన్నవే 168. మిగిలింది 24న్నర, రోజుకి మూడున్నర గంటలు, అందులోనే స్నానం, తిండి, మీ అబ్బాయి హోంవర్కు, మీ అత్తగారి మందులు, ఫోన్లు, పెళ్ళిళ్ళు, పేరంటాలు అన్నీను.

గంటల లెక్క కంటే బరువైనది ఇంకోటుంది, అది చెయ్యని వాళ్ళకి తెలీదు. చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంటే తలలు లెక్కపెట్టింది గానీ క్లాసులు లెక్కపెట్టలేదు. 34 మందికి ఇద్దరంటే కాగితం మీద ఎంతో సుఖం, ఒక్కొక్కరికి 17 మందే. కానీ ఆ 17 మందిలో ఒకటో క్లాసు వాడికి అ ఆలు దిద్దించాలి, మూడో క్లాసుకి ఎక్కాలు, అయిదో క్లాసుకి భిన్నాలు, ఒకే గదిలో, ఒకే నల్లబల్ల మీద. ఒకరికి చెప్తుంటే మిగతా ఇద్దరూ ఖాళీ, ఖాళీగా ఉంటే అల్లరి, అల్లరి ఆపితే పాఠం తెగిపోద్ది. రెండో టీచరు ట్రైనింగుకో మీటింగుకో వెళ్ళిన రోజు అయిదు క్లాసులూ నీవే. సాయంత్రానికి గొంతు పోతుంది, తల దిమ్మెక్కుతుంది, ఎవరు పలకరించినా విసుగొస్తుంది. దాన్ని ఏ గంటల్లో వెయ్యాలో నాకిప్పటికీ తెలీదు.

దాని మీద బడికి సంబంధం లేని పనులు. అదే చట్టం 27వ సెక్షన్లో టీచర్లని జనగణనకీ, విపత్తు సాయానికీ, ఎన్నికలకీ తప్ప వేరే పనులకి వెయ్యకూడదని ఉంది. ఆ మూడూ వేస్తే కాదనలేం, జనగణన పని 2026లో ఇళ్ళ లిస్టులతో మొదలై 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క దాకా వెళ్తుంది, గోదారి పొంగితే మన బడే పునరావాస కేంద్రం, అక్కడ మనం ఉండాల్సిందే, ఉంటాం కూడా, అది మనకి గర్వమే. మిగతావి పోరాడితే తగ్గుతాయి, మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని టీచర్లు గట్టిగా అడిగాకే 2024లో తీసేశారు. మధ్యాహ్న భోజనం పని మాత్రం నన్నడిగితే బడి పనే. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు ఆ భోజనానికి, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకి వండిపెట్టిన తల్లి ఆవిడ, పిల్లల కంటే ముందు టీచర్ ఆ అన్నం రుచి చూడ్డం నాకెప్పుడూ చాకిరీ అనిపించలేదు. గుడ్ల లెక్క మూడు చోట్ల రాయడమే చాకిరీ.

ఇక మీ ఆయన. ఆయనకి సెక్షన్లు చూపించకు. గ్రూపులో అసలే వద్దు, నలుగురి ముందు ఓడించిన భర్త ఆ రాత్రి ఇంట్లో మాట్లాడడు. ఆ 168 గంటల కాగితం మంచం మీద పెట్టి, "ఆ నవ్వు బొమ్మకి నాకు ఏడుపొచ్చిందండీ" అని ఒక్కమాట అను. అదే నిజం కదా. ఆయన గంటలు కూడా పక్కన రాయమను, ఆయనకీ కష్టం ఉంటే అదీ కాగితం మీదకి రావాలి. ఇంటిపని 35 దగ్గర ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో చూడు. ఆ 35లో 10 ఆయన తీసుకుంటే నీ మిగులు 24న్నర నుంచి 34న్నర అవుద్ది. ఇది మాత్రం గట్టిగా అడుగు.

మాస్టారమ్మ గారికి నమస్కారం. సిగ్గు విడిచి రాస్తున్నాను. మా వారు ప్రైవేట్ ఇంటర్ కాలేజీలో లెక్చరర్, పొద్దున్న ఏడింటికెళ్తే స్టడీ అవర్లు చూసుకుని రాత్రి ఎనిమిదిన్నరకి వస్తారు. తిని, పేపర్లు దిద్ది, తర్వాత ఫోన్లో ఫుట్‌బాల్. యూరప్ మ్యాచ్‌లు అర్ధరాత్రి పన్నెండున్నరకీ ఒంటిగంటన్నరకీ మొదలవుతాయి, చూసి హాల్లోనే నిద్రపోతారు. మేం భార్యాభర్తల్లా ఉండి ఆరు నెలలు దాటింది. అడిగితే ఓపిక లేదంటారు, మ్యాచ్‌కి ఉన్న ఓపిక నాకు లేదా? మా అమ్మ పిల్లలు పుట్టాక ఇంతే అంటుంది, ఫ్రెండ్ ఫోన్ చెక్ చెయ్యమంటుంది. నాకు 33 ఏళ్లు. నేను తప్పుగా కోరుకుంటున్నానా?
— తణుకు నుంచి

తల్లీ, ముందు నీ చివరి ప్రశ్న. లేదు, తప్పు కాదు. 33 ఏళ్లకి కాదు, 53కి అడిగినా తప్పు కాదు. మొగుడి దగ్గర చనువు కోరుకోవడం ఆడదానికి సిగ్గుపడాల్సిన విషయమని మనకి ఎవరు నేర్పారో గానీ, దానివల్ల నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఉత్తరాలు "సిగ్గు విడిచి" అనే మాటతోనే మొదలవుతాయి, చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఫోన్ చెక్ చెయ్యకు. అందులో ఏమీ దొరక్కపోతే నీ అనుమానం పోదు, చెక్ చేశావని తెలిస్తే ఆయన నమ్మకం మాత్రం పోద్ది. పదమూడున్నర గంటలు బయట నిలబడి వచ్చిన మనిషి దూరంగా ఉంటే దానికి రెండో ఆడమనిషే కారణం అక్కర్లేదు.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూద్దాం, కాసేపు కోపం పక్కన పెట్టి విను. కాలేజీలో ఆయన్ని పొద్దున్నుంచీ అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, పిల్లాడు డౌటు, తండ్రి మార్కులు, ప్రిన్సిపాల్ ర్యాంకులు, ఇంటికొస్తే మనం సరుకులు, కరెంటు బిల్లు, పిల్ల ఫీజు. రాత్రి ఒంటిగంటన్నరకి ఆ పచ్చటి గ్రౌండు మీద 22 మంది పరిగెడుతుంటే వాళ్ళలో ఒక్కడు కూడా ఆయన్ని ఏదీ అడగడు. మ్యాచ్‌కి ఓపిక ఉండి కాదమ్మా చూసేది, ఓపిక అక్కర్లేదు కాబట్టే చూస్తాడు. భార్య దగ్గరకొస్తే మాట్లాడాలి, వినాలి, ప్రేమగా ఉండాలి, ఎక్కడ తేలిపోతానో అని లోపల చిన్న భయం కూడా ఉంటాది మగాళ్ళకి, అది వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ఇదంతా ఆయన్ని వెనకేసుకు రావడానికి కాదు, ఆరు నెలలు నిన్ను ఒంటరిగా పడుకోబెట్టడం ఆయన తప్పే, ఆ మాట ఆయనకి తెలియాలి కూడా.

మా సంగతి చెప్తాను. మా ఆయన పిల్లల్ని టోర్నమెంట్లకి తిప్పేవారు, జిల్లా మీట్ అంటే వారం ఇంట్లో ఉండేవారు కాదు, ఉన్నప్పుడు నేను క్వార్టర్లీ పేపర్ల కట్టల్లో ఉండేదాన్ని. ఒక ఏడాదంతా ఒకే హాస్టల్లో ఉన్న ఇద్దరిలా బతికాం. గొడవలు కూడా లేవు, గొడవ పడ్డానికి కూడా టైము కావాలి కదా. ఒకరోజు ఆయన షర్టు కాలరు చిరిగి ఉంటే అది నాకంటే ముందు మా అటెండరు చూసి చెప్పింది, ఆ రోజు నాకు భయమేసింది. అప్పట్నుంచి సాయంత్రం పంటకాలువ గట్టు మీద లాకుల దాకా నడిచి రావడం మొదలెట్టాం, అరగంట, బడి మాట ఎత్తకూడదని ఒట్టు. మొదటి వారం ఏం మాట్లాడాలో తెలీలేదు, కొబ్బరి దింపు గురించి, ఎదురొచ్చిన కుక్క గురించి మాట్లాడుకున్నాం. నెల రోజులకి చెయ్యి పట్టుకున్నాం. మిగతాది దాని వెనకే వచ్చింది, పిలవకుండానే.

అందుకే చెప్తున్నా, రాత్రి పదకొండుకి అలిసిపోయిన మనిషిని పడగ్గది గుమ్మంలో నిలబెట్టి అడక్కు. ఆదివారం మధ్యాహ్నం అడుగు, పిల్లని అమ్మమ్మ గారింట్లో వదిలి. "ఎందుకు రావట్లేదు" అనకు, "నాకు నువ్వు గుర్తొస్తున్నావ్, ఇంట్లోనే ఉన్నా గుర్తొస్తున్నావ్" అను. మొదటిరోజే అంతా సర్దుకోవాలని పెట్టుకోకండి, పక్కపక్కన పడుకుని కబుర్లు చెప్పుకున్నా చాలు. ఇష్టం లేనప్పుడు వద్దనే హక్కు ఇద్దరికీ ఉంది, వద్దన్నాక అలగకూడదు, కానీ "ఈరోజు వద్దు, ఎల్లుండి" అని చెప్పడం నేర్చుకోవాలి, ఊరికే గోడవైపు తిరిగి పడుకుంటే అవతలి మనిషి ఏమనుకోవాలి?

డాక్టర్ సంగతి కూడా. షుగర్ ఉందేమో చూపించండి, మన జిల్లాల్లో ముప్పై అయిదు దాటితే చూపించుకోవడమే మంచిది, షుగర్, కొన్ని బీపీ మాత్రలు, నిద్రలేమి, మనసు కుంగిపోవడం, ఇవన్నీ కోరికని తగ్గిస్తాయి, ఇందులో మగతనానికి లోటేం లేదు, జ్వరం లాంటిదే. ఊళ్ళో చెప్పుకోలేకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వం ఫ్రీగా నడిపే లైనుంది, 14416, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

ఇక ఫుట్‌బాల్ పూర్తిగా మానమనకు, బలవంతంగా మాన్పిస్తే ఆ గంట నీకు రాదు, ఇంకోదానికి పోద్ది. బేరం ఆడు. 2026 వరల్డ్ కప్ జూన్ 11 నుంచి జూలై 19 దాకా, ఈసారి 32 కాదు 48 టీములు, 64 కాదు 104 మ్యాచ్‌లు. ఒక్కోటి రెండు గంటలనుకున్నా 208 గంటలు, పైన చెప్పిన 800 గంటల బోధనలో నాలుగో వంతు కంటే ఎక్కువ. అన్నీ ఏ మనిషీ చూడలేడు. షెడ్యూల్ ప్రింటు తీసి ఇద్దరూ కూర్చుని పదిహేనో ఇరవయ్యో టిక్కు పెట్టండి, అందులో రెండు మూడు నువ్వు కూడా పక్కన కూర్చుని చూడు. మిగతా రాత్రులు ఫోన్ హాల్లో, మనిషి గదిలో.

మేడమ్, మా బావకీ నాకూ సంక్రాంతి నుంచి మాటల్లేవు. కారణం మెస్సీనా రొనాల్డోనా. నేను రొనాల్డో. మీరు తీర్పు చెప్పండి, ఇద్దరం కట్టుబడతాం.
— మండపేట

బాబూ, ఉన్న లెక్క చెప్తా. ఏడాదికో మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ మెస్సీకి 8, రొనాల్డోకి 5. యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ కప్పులు రొనాల్డోకి 5, మెస్సీకి 4, ఆ టోర్నీలో గోల్స్ రొనాల్డోకి 140, మెస్సీకి 129. దేశం తరఫున గోల్స్‌లో మగాళ్ళలో రొనాల్డోనే అందరికంటే పైన, 140 దాటేశాడు, అయిదు వరల్డ్ కప్పుల్లో గోల్ కొట్టిన మొదటి మగాడు కూడా అతనే. వరల్డ్ కప్ మాత్రం మెస్సీ చేతికే వచ్చింది, 2022లో.

నన్నడిగావ్ కాబట్టి, నాకు మెస్సీ. బంతి వదిలేశాక కూడా అతను నడుస్తూ గ్రౌండంతా చదువుతుంటాడు చూడు, అది నాకు ఇష్టం. కానీ 40 దాటాక కూడా ఒంటిని అలా కాపాడుకుంటూ ఆడుతున్న రొనాల్డోని చూసి నేర్చుకోనివాడు ఆటగాడే కాదు. తీర్పు అయిపోయింది, నువ్వు ఓడావు కాబట్టి బావ ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని నువ్వే వెళ్ళు. ఇవాళే వెళ్ళు.

నమస్తే అండి. మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం, మగపిల్లలతో కలిసి ఆడుద్ది. బళ్ళో గేమ్స్ పీరియడ్ మ్యాథ్స్‌కి తీసేసుకుంటున్నారు. అడిగితే సిలబస్ అవ్వట్లేదంటున్నారు. మా నాన్న అయితే ఆడపిల్లకి బంతాటేంటి, రేపు పెళ్ళి ఎవరు చేసుకుంటారు అంటున్నారు. ఎవరితో ముందు మాట్లాడాలి?
— రాజోలు దగ్గర్నుంచి, ఒక తండ్రి

ఈ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన లేచి నిలబడ్డారు. సర్వీసంతా ఆ ఒక్క పీరియడ్ కోసం కొట్లాడిన మనిషి. లెక్కల మాస్టారికి పోర్షన్ ఒత్తిడి ఉంటుంది, నిజమే, ఇన్‌స్పెక్షన్‌లో అడిగేది మార్కులే, ఆయన్ని కూడా తిట్టలేం. అయినా ఆ పీరియడ్ ఆయనది కాదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే బడికి ఆటస్థలం ఉండాలని, ఆట సామాన్లు ఉండాలని, ఆరు నుంచి ఎనిమిది క్లాసుల్లో 100 మంది దాటితే వ్యాయామ విద్యకి ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసుంది. పేరెంట్స్ మీటింగులో లేచి ఇదే అడగండి, మర్యాదగా, ఒంటరిగా కాకుండా ఇంకో నలుగురు తల్లిదండ్రుల్ని వెంటేసుకుని.

మన దేశానికి ఫుట్‌బాల్‌లో వచ్చిన గొప్పంతా ఒక బడి పంతులు తెచ్చిపెట్టింది అంటే మీ నాన్నగారు నమ్ముతారా? హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారు, 1950 నుంచి ఇండియా టీముకి కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ బంగారం. అప్పటికే ఆయనకి క్యాన్సర్, తర్వాతి జూన్‌లో పోయారు. ఆ 1962 తర్వాత మనకి ఆ పతకం మళ్ళీ రాలేదు. ఆయన టీముల్లో తుల్సీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ లాంటి మన జంటనగరాల పిల్లలు ఆడారు. నాకెప్పుడూ అనిపిస్తుంది, ఆ రోజుల్లో కూడా ఆ గేమ్స్ పీరియడ్ ఇంకో సబ్జెక్టుకి లాగేసుకుని ఉంటే ఏమయ్యేదో అని.

ఇక ఆడపిల్ల సంగతి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది. 2025 జూలై 5న మన అమ్మాయిలు థాయ్‌లాండ్ వెళ్ళి వాళ్ళ గడ్డ మీద వాళ్ళని 2-1తో కొట్టి ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యారు, మగాళ్ళ టీము ఏమో వరల్డ్ కప్ దరిదాపుల్లో కూడా లేదు. ఇది మీ నాన్నగారికి కాఫీ టైములో చెప్పండి, వాదనలా కాదు, కబురులా. ఆ తర్వాత ఆయన్నే గ్రౌండుకి తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టండి. మనవరాలు గోల్ కొడితే తాత లేచి అరవకుండా ఉండడు.

పాపకి 12 దాటాయి కాబట్టి 5 నంబరు బంతి కొనండి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలప్పుడు గ్రౌండంతా ధాన్యం ఆరబోస్తారు, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, ఆ నెలల్లో డాబా మీదో సందులోనో గోడకి తన్ని రెండు కాళ్ళతోనూ అందుకోవడం ప్రాక్టీసు చెయ్యమనండి. ఎడమ కాలు కూడా పలకాలి.

అక్కా, నిశ్చితార్థం అయ్యింది. అబ్బాయి నన్ను ఎప్పుడూ లొకేషన్ ఆన్ చేసి ఉంచమంటాడు, స్టాఫ్‌రూమ్‌లో ఉంటే వీడియో కాల్ చేసి ఎవరున్నారో చూపించమంటాడు. నేను కొత్తగా డీఎస్సీలో, అదే ప్రభుత్వ టీచర్ల భర్తీలో, వచ్చిన టీచర్ని. ప్రేమ ఎక్కువై అంటాడు. నిజమేనా?
— పాలకొల్లు

కాదు. ప్రేమ ఎక్కువైతే "తిన్నావా" అని అడుగుతారు, "పక్కన ఎవరున్నారు" అని అడగరు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి ఎంతమంది పోటీపడ్డారో, అందులో నువ్వు ఎలా నెగ్గావో నాకు తెలుసమ్మా, ఆ ఉద్యోగంలో మొదటి ఏడాది నీ కళ్ళు పిల్లల మీద ఉండాలి, ఫోన్ మీద కాదు. రేపే లొకేషన్ ఆపేసి చెప్పు, "నమ్మితే చేసుకో, కాపలా అయితే వద్దు" అని. తిట్టినా, బెదిరించినా, ఫొటోలు బయటపెడతానన్నా అదే రోజు అమ్మానాన్నలకి చెప్పు, 181కి ఫోన్ చెయ్యి, మహిళల హెల్ప్‌లైన్ అది, పగలూ రాత్రీ పలుకుతుంది. నిశ్చితార్థం ఆగితే పోయేది భోజనాల ఖర్చే. మీ నాన్నగారు ఏమంటారో అని భయపడుతున్నావేమో, నేను ఆయనతో మాట్లాడాలంటే మాట్లాడతాను, పత్రిక ఆఫీసుకి కబురు చెయ్యి.

అమ్మాయీ, నాకు 61. మా వీధిలో ఫ్రెంచి పెన్షన్ వచ్చే ఇళ్ళున్నాయి, 2022 ఫైనల్ రోజు ఫ్రాన్స్ ఓడిపోతే పక్కింటి పెద్దాయన అన్నం తినలేదు. మనవడు నన్ను కూడా కూర్చోబెట్టాడు గానీ ఆ ఆఫ్‌సైడ్ అనేది ఎంత చెప్పినా ఎక్కట్లేదు. ఈసారి వరల్డ్ కప్‌కి ముందే నేర్చుకోవాలి. ఎవరికీ చెప్పకు.
— యానాం

అమ్మా, చెప్పను, పేరు వెయ్యట్లేదు. ఆ ఫైనల్ చూసి పెద్దాయన అన్నం మానేశారంటే మానేస్తారు మరి, ఫ్రాన్స్ రెండు గోల్స్ వెనకబడి లేచి, వాళ్ళ ఎంబాపే ఒక్కడే మూడు కొట్టి, 3-3 దాకా తెచ్చి, పెనాల్టీల్లో 4-2తో పోయింది.

ఆఫ్‌సైడ్ ఇలా అనుకోండి. పెళ్ళి భోజనాల్లో మొదటి బంతి (భోజనాల వరస) వాళ్ళు ఇంకా పెరుగన్నంలో ఉండగానే కొందరు రెండో బంతి కోసం వెళ్ళి కుర్చీ వెనక నిలబడతారు చూడండి, అదే ఆఫ్‌సైడ్. అవతలి టీము వాళ్ళ గోలు దగ్గర ముందే కాపు కాసి నిలబడకూడదు. మనవాడు బంతి తన్నిన క్షణంలో, అందుకున్నప్పుడు కాదు తన్నిన క్షణంలోనే, నువ్వు అవతలి సగంలో ఉండి, బంతి కంటే ముందుండి, అవతలి వాళ్ళలో చివరి నుంచి రెండోవాడి కంటే కూడా గోలుకి దగ్గరగా ఉంటే నువ్వు ఆఫ్‌సైడ్ చోట ఉన్నట్టు. మామూలుగా ఆ చివరివాడు గోల్‌కీపర్ కాబట్టి, కీపర్ కాక ఇంకొక్కడైనా నీకూ గోలుకీ మధ్యలోనో, నీతో సమానంగానో ఉండాలని గుర్తుపెట్టుకుంటే చాలు. సమానంగా ఉంటే తప్పు లేదు. చేతులు లెక్కలోకి రావు, తల, ఒళ్ళు, కాళ్ళే. ఊరికే నిలబడితే కూడా తప్పు కాదు, ఆ బంతితో ఏదైనా కలగజేసుకుంటేనే. ఇంకోటి, కార్నర్ నుంచి, త్రో ఇన్ నుంచి, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. ఈ ఆఖరి ముక్క మీ మనవడికి తెలుసో లేదో అడిగి చూడండి.

ఈసారి ఫైనల్ అమెరికాలో, మన టైము ప్రకారం జూలై 19 ఆదివారం రాత్రి పన్నెండున్నరకి, అంటే తెల్లారితే సోమవారం, మనవడికి బడి. సాయంత్రం ఇద్దరూ తొందరగా తినేసి తొమ్మిదింటికల్లా పడుకోండి, పన్నెండుంపావుకి అలారం పెట్టుకోండి. పక్కింటి పెద్దాయన్ని కూడా పిలవండి.